ఆల్బమ్ షీట్‌కి, ఫొటో కొలాజ్‌కి గైడ్ లైన్లు ఎలా వేసుకోవాలి: ప్రింట్‌లో తలలు తెగకుండా

పెళ్లి ఆల్బమ్ సొంతంగా డిజైన్ చేసుకునేవాళ్లు, ఇంట్లో షష్టిపూర్తికో పాప మొదటి పుట్టినరోజుకో ఫ్రేమ్ కట్టిద్దామని కొలాజ్ చేసుకునేవాళ్లు, అందరూ అడిగేది ఇదే. స్క్రీన్ మీద చక్కగా ఉన్న షీట్ ప్రింట్ అయ్యాక ఎందుకు వంకరగా కనిపిస్తోంది, అంచున నిలబడ్డ బాబాయ్ భుజం ఎటు పోయింది, పెళ్లికూతురి ముఖం మధ్యలోంచి మడత ఎందుకు వెళ్లింది? చాలాసార్లు కారణం కూడా ఒక్కటే. ముందు ఫొటోలు పరిచేస్తారు, తర్వాత కంటితో చూసి సర్దుతారు. అలా కాదు. గైడ్ లైన్లు, అంటే ఫొటోలు సర్దుకోవడానికి స్క్రీన్ మీద మాత్రమే కనపడే గీతలు, ముందు పడాలి, అవి కూడా అంకెలతో పడాలి.

ఉదాహరణకి 12×36 షీట్ తీసుకుంటున్నాను, మన పెళ్లి ఆల్బమ్‌లలో బాగా నడిచే సైజు కాబట్టి. తెరిచి పెడితే వెడల్పు 36 అంగుళాలు, ఎత్తు 12, మధ్యలో మడత, అటు 18 ఇటు 18. ఫొటోషాప్‌లో చెప్తాను. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి, ఫ్రేమ్, ఫ్లెక్సీ చేసేవాళ్లకి కింద విడిగా ఉంది.

కావలసినవి

- ఫొటోషాప్, ఏ వెర్షన్ అయినా సరే. సీసీ 2014 తర్వాతిదైతే పని బాగా తగ్గుతుంది.
- ఒరిజినల్ ఫొటోలు. వాట్సాప్‌లో వచ్చినవి కాదు, కెమెరా కార్డులోంచో ఫోన్‌లోంచో నేరుగా తీసినవి. వాట్సాప్ తప్ప దారి లేదంటే ఫొటోని డాక్యుమెంట్‌గా పంపమనండి.
- ప్రింట్ చేసే ల్యాబ్ ఫోన్ నంబర్.
- ఒక కాగితం, పెన్సిల్. నవ్వకండి, ఐదో మెట్టులో పనికొస్తుంది.

1. ముందు ల్యాబ్‌కి ఫోన్ చెయ్యండి

నాలుగు సంగతులు అడగాలి. ఫైలు సరిగ్గా 12×36 సైజులోనే కావాలా, లేక చుట్టూ ఎక్కువ కలిపి ఇవ్వాలా? కటింగ్‌లో ఒక్కో వైపు ఎంత పోతుంది? రిజల్యూషన్ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు) ఎంత పెట్టమంటారు? రంగులు ఎస్‌ఆర్‌జీబీలో ఇవ్వాలా, వాళ్ల ప్రొఫైల్ (రంగుల సెట్టింగు) ఏదైనా ఉందా? వీటితో పాటు బైండింగ్ ఏ రకమో కూడా కనుక్కోండి. పూర్తిగా పరుచుకునే లే ఫ్లాట్ ఆల్బమ్‌కి మడత సన్నని గీతలా ఉంటుంది. పుస్తకంలా కుట్టిన, అతికించిన బైండింగ్ అయితే మధ్యలో కొంత భాగం లోపలికి మింగేస్తుంది.

ఈ ఫోన్ చెయ్యడానికి మొహమాటపడి డిజైన్ అంతా అయ్యాక అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పుడు ల్యాబ్ వాళ్లు చెప్పే ఒక్క అంకెతో ముప్పై షీట్లూ మళ్లీ తెరవాల్సి వస్తుంది.

2. కొత్త ఫైలు

వెడల్పు 36 అంగుళాలు, ఎత్తు 12 అంగుళాలు, రిజల్యూషన్ 300, ఆర్‌జీబీ, 8 బిట్. పిక్సెళ్లలో 10800×3600 అవుతుంది. కంప్యూటర్ పాతదై నత్తనడక నడుస్తుంటే, ల్యాబ్ ఒప్పుకుంటే 200 పెట్టుకోండి, 7200×2400 వస్తుంది. ఆల్బమ్‌ని చేతిలో పెట్టుకుని చూసే దూరానికి 200 అంత అన్యాయమేమీ కాదు. 72 దగ్గర వదిలేసి మొదలుపెట్టి, చివర్లో 300కి పెంచడం మాత్రం చెయ్యొద్దు. అప్పుడు పెరిగేది అంకె, ఫొటోలో వివరం పెరగదు.

3. రూలర్

కంట్రోల్ + ఆర్ నొక్కితే పైన, పక్కన రూలర్లు వస్తాయి. రూలర్ మీద రైట్ క్లిక్ చేసి ఇంచెస్ ఎంచుకోండి. రెండు రూలర్లు కలిసే మూల మీద ఒకసారి డబుల్ క్లిక్ చెయ్యండి, ఎప్పుడైనా పొరపాటున సున్నా జరిగి ఉంటే మళ్లీ మూలకి వస్తుంది. సున్నా జరిగిపోయిన ఫైల్లో ఎంత జాగ్రత్తగా గైడ్లు వేసినా అన్నీ పక్కకే పడతాయి, కారణం అంతుపట్టక టెన్షన్ పడతారు.

4. మూడు రకాల గీతలు: కటింగ్, సేఫ్, మడత

వ్యూ మెనూలో న్యూ గైడ్ (కొత్త వెర్షన్లలో వ్యూ, అందులో గైడ్స్, అందులో న్యూ గైడ్). నిలువా అడ్డమా ఎంచుకుని అంకె కొట్టడమే.

కటింగ్ గీతలు: నిలువు 0.25, 35.75. అడ్డం 0.25, 11.75. ల్యాబ్ వేరే అంకె చెప్తే అదే వెయ్యండి.
సేఫ్ గీతలు: నిలువు 0.5, 35.5. అడ్డం 0.5, 11.5.
మడత: నిలువు 18. దానికి రెండు పక్కలా 17.5, 18.5.

వీటి అర్థం ఇంతే. కటింగ్ గీత బయట ఉన్నది పోవచ్చు, పోకపోవచ్చు, కత్తి ఎటు జరిగితే అటు. అందుకే బ్యాక్‌గ్రౌండ్ గానీ పేజీ నిండా పరిచిన ఫొటో గానీ కటింగ్ గీత దగ్గర ఆగకూడదు, కాన్వాస్ (ఫైలు మొత్తం సైజు) చివరంటా వెళ్లాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, గైడ్ ఉంది కదా అని బ్యాక్‌గ్రౌండ్‌ని కూడా దానికే అతికిస్తారు, ప్రింట్‌లో అంచున తెల్ల చార వస్తుంది. ముఖాలు, చేతులు, పేర్లు, తేదీలు మాత్రం సేఫ్ గీతల లోపలే ఉండాలి. 17.5కి 18.5కి మధ్య ఉన్న అంగుళంలో ముఖం పడకూడదు, అక్షరం పడకూడదు. కుట్టిన బైండింగ్ అయితే ఈ ఖాళీని ఇంకాస్త పెంచుకోండి.

5. గడులు

ఇప్పుడు కాగితం మీద లెక్క. ఒక పేజీ వెడల్పు 18. అటు ఇటు అర అంగుళం చొప్పున తీసేస్తే 17. మూడు నిలువు వరుసలు కావాలి, వాటి మధ్య పావు అంగుళం సందులు రెండు, అంటే అర అంగుళం. మిగిలింది 16.5, మూడుతో భాగిస్తే 5.5. ఎత్తు 12లో మార్జిన్లు తీస్తే 11, సందులు తీస్తే 10.5, మూడుతో భాగిస్తే 3.5. ఒక్కో గడి 5.5×3.5. శేషం లేకుండా తెగింది కదా, అందుకే ఈ అంకెలు ఎంచుకున్నాను. 300 దగ్గర పావు అంగుళం అంటే సరిగ్గా 75 పిక్సెళ్లు, 200 దగ్గర 50, కాబట్టి సగం పిక్సెల్ తేడాలు కూడా రావు.

గైడ్లు పడాల్సిన చోట్లు ఇవి:

ఎడమ పేజీ నిలువు: 0.5, 6, 6.25, 11.75, 12, 17.5
కుడి పేజీ నిలువు: 18.5, 24, 24.25, 29.75, 30, 35.5
అడ్డం: 0.5, 4, 4.25, 7.75, 8, 11.5

అడ్డం 7.75, కటింగ్‌కి వేసిన 11.75, ఎడమ పేజీలోని నిలువు 11.75, ఈ మూడింటినీ కలగాపులగం చేసుకోకండి.

ఒక్కొక్కటిగా కొట్టడం విసుగు అనుకుంటే న్యూ గైడ్ లేఅవుట్ తెరవండి. కాలమ్స్ (నిలువు వరుసలు) 3, గట్టర్ (సందు) 0.25 ఇన్. రోస్ 3, గట్టర్ 0.25 ఇన్. విడ్త్, హైట్ గడులు ఖాళీగా వదిలేస్తే అదే లెక్కేసుకుంటుంది. మార్జిన్లలో పైన, కింద, ఎడమ 0.5, కుడి 18.5. ఓకే కొడితే ఎడమ పేజీ అయిపోతుంది. మళ్లీ అదే తెరిచి ఈసారి రోస్ టిక్ తీసేసి, ఎడమ 18.5, కుడి 0.5 ఇవ్వండి. పాత గైడ్లు చెరిపేయాలా అని అడిగే టిక్, క్లియర్ ఎగ్జిస్టింగ్ గైడ్స్, రెండుసార్లూ తప్పకుండా తీసెయ్యండి. ఉంచితే ఇప్పటిదాకా వేసినవన్నీ ఎగిరిపోతాయి. అందరూ చేసే సులువు పని వేరు, మొత్తం షీట్‌కి కాలమ్స్ 6 అని కొట్టేస్తారు. గడులు వస్తాయి కానీ మధ్యలో మడతకి వదలాల్సిన అంగుళం రాదు, రెండు ఫొటోల మధ్య పావు అంగుళం సందులో మడత ఇరుక్కుంటుంది.

సీఎస్, 7.0 లాంటి పాత వెర్షన్లలో ఈ లేఅవుట్ ఆప్షన్ లేదు. యాక్షన్స్‌లో రికార్డ్ పెట్టి ఒక్కసారి అన్ని గైడ్లూ కొట్టండి, తర్వాత నుంచి ప్లే నొక్కితే చాలు.

6. తాళం వెయ్యండి, టెంప్లేట్‌గా దాచుకోండి

కంట్రోల్ + ఆల్ట్ + సెమీకోలన్ నొక్కితే గైడ్లు లాక్ అవుతాయి. ఫొటో జరపబోయి గైడ్ జరిపేసి, అది గమనించకుండానే మిగతా షీట్లన్నీ ఆ వంకర గైడ్ మీదే చేసుకుపోవడం మామూలుగా జరిగేదే. వ్యూ మెనూలో స్నాప్ టు కింద గైడ్స్‌కి టిక్ ఉందో లేదో చూడండి, ఉంటేనే గీసేది గైడ్‌కి అతుక్కుంటుంది. ఇప్పుడు ఫొటో ఒక్కటీ పెట్టకుండానే దీన్ని పీఎస్‌డీగా సేవ్ చెయ్యండి. గైడ్లు ఫైలుతో పాటే సేవ్ అవుతాయి. ప్రతి షీట్‌కీ దీన్ని తెరిచి, సేవ్ యాజ్‌తో వేరే పేరు పెట్టుకుని మొదలుపెట్టండి.

7. ఏ ఫొటో ఎంత గడిలో

తొమ్మిది గడులు ఉన్నాయి కదా అని పేజీకి తొమ్మిది ఫొటోలు పెట్టెయ్యడం కాదు. గడుల్ని కలుపుకోవాలి:

- ఒక గడి: 5.5×3.5, అడ్డ ఫొటోకి.
- నిలువుగా రెండు గడులు: 5.5×7.25, నిలువు ఫొటోకి, మనిషి నడుము పైకి.
- రెండు బై రెండు: 11.25×7.25, ఆ పేజీలో అసలు ఫొటోకి.
- నిలువుగా మూడూ: 5.5×11, చీర కుచ్చిళ్ల నుంచి పూలజడ దాకా నిలువెత్తుగా కనపడాలంటే ఇదే.

జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, వీటిలో ఒక్కోదానికి ఒక్కో పెద్ద ఫొటో ఇచ్చి, చుట్టూ చిన్నవి రెండో మూడో పెట్టండి. స్టేజీ మీద అక్షింతలు వేసినవాళ్ల ఫొటోలు మాత్రం తొమ్మిది గడుల పేజీలోనే వెయ్యాలి, ఎవరి ఫొటో పెద్దది ఎవరిది చిన్నది అనే గొడవ కూడా ఉండదు.

పెద్ద గడిలో పెట్టే ముందు భాగహారం చెయ్యండి: ఫొటో పిక్సెళ్ల వెడల్పుని గడి అంగుళాలతో. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు, దాన్ని 18 అంగుళాల పేజీ మొత్తం పరిచినా 333 వస్తుంది, దిగుల్లేదు. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో సుమారు 4000, పేజీ మొత్తానికి 222, అదీ నడుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గర ఉంటుంది. 5.5 అంగుళాల గడిలో 290 వస్తుంది, సరే. 11.25లో 142కి పడిపోతుంది, ముఖాలు మెత్తబడతాయి. చుట్టూ కత్తిరించి ముఖం దగ్గరికి లాగితే ఇంకా తగ్గుతుంది, కాబట్టి లెక్కలో కత్తిరించాక మిగిలిన పిక్సెళ్లే తీసుకోండి.

8. గడిలోకి ఫొటో దింపడం

రెక్టాంగిల్ టూల్‌తో గైడ్ నుంచి గైడ్‌కి పెట్టె గీయండి, స్నాప్ ఆన్‌లో ఉంటే టక్కున అతుక్కుంటుంది. ఫైల్ మెనూలో ప్లేస్ ఎంబెడెడ్‌తో ఫొటో తెచ్చి, లేయర్లలో ఆ పెట్టె మీద ఉంచి, రెండు లేయర్ల మధ్య గీత దగ్గర ఆల్ట్ పట్టుకుని క్లిక్ చెయ్యండి. ఫొటో పెట్టెలోకి కూర్చుంటుంది. ఇక కంట్రోల్ + టి కొట్టి ఎంత కావాలంటే అంత జరపండి, పెట్టె మాత్రం కదలదు. ఫొటోనే నేరుగా గైడ్ దాకా కత్తిరించేస్తే తర్వాత కస్టమరో మేనత్తో "తల పైన కొంచెం గాలి ఉంచండి" అన్నప్పుడు మళ్లీ మొదటికి రావాలి.

సాగదీసేటప్పుడు మూల పట్టుకుని లాగండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో షిఫ్ట్ పట్టుకుంటేనే నిష్పత్తి చెడకుండా ఉండేది, 2019 నుంచి షిఫ్ట్ లేకుండానే ఉంటుంది, పట్టుకుంటే చెడుతుంది. కొత్త వెర్షన్‌కి మారినవాళ్ల ఫొటోల్లో మనుషులు ఉన్నట్టుండి లావెక్కడానికి కారణం ఇదే.

స్నాప్ అడ్డొస్తుంటే, అంటే మీరు ఒక చోట పెడదామంటే అది గైడ్‌కే దూకుతుంటే, లాగేటప్పుడు కంట్రోల్ నొక్కి పట్టుకోండి.

9. మడత మీదుగా వెళ్లే ఫొటో

రెండు పేజీలూ కలిపి ఒకే ఫొటో పరిస్తే అందమే, కాదనను. కానీ ఫొటోని ఎన్నుకునేటప్పుడే చూడాలి. వధూవరులు మధ్యలో నిలబడ్డ ఫొటో దీనికి పనికిరాదు, మడత వాళ్లిద్దరిలో ఒకరి మీద పడి తీరుతుంది. ఇద్దరూ ఒక పక్కన ఉండి, రెండో పక్క మండపమో తోటో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. గ్రూప్ ఫొటో అయితే 18 దగ్గర ఇద్దరు మనుషుల మధ్య సందు వచ్చేలా జరపండి. సందు దొరక్కపోతే ఒకే పేజీలో చిన్నగా పెట్టడం మేలు.

10. పేర్లు, తేదీలు

తెలుగు అక్షరాల సంగతి ఒకటుంది. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి. "లక్ష్మి", "స్త్రీ" లాంటివి పెట్టినప్పుడు అక్షరం అడుగు భాగాన్ని సేఫ్ గీత మీద కూర్చోబెడితే ఒత్తు గీత దాటి కటింగ్ వైపు వెళ్తుంది. కాబట్టి ఒత్తు చివరని చూసి పెట్టండి, అక్షరాన్ని కాదు. యూనికోడ్ తెలుగు ముక్కలు ముక్కలుగా విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని చూడండి (కొన్ని వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది). పాత వెర్షన్ అయితే అను ఫాంట్లే దిక్కు.

షీట్ చుట్టూ సన్నని బోర్డరు గీత వెయ్యాలనిపిస్తుంది. వద్దు. కత్తి రెండు మిల్లీమీటర్లు జరిగినా ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. తప్పదంటే సేఫ్ గీత మీదే వెయ్యండి, అంచుకి దగ్గరగా కాదు.

11. పంపే ముందు ఇలా చెక్ చేసుకోండి

అన్నిటికంటే పైన కొత్త లేయర్ పెట్టి, కటింగ్ గీతల బయట ఉన్న పట్టీని నాలుగు వైపులా నల్లరంగుతో నింపండి. చేతులు, పూలదండ చివరలు, అక్షరాలు ఏవైనా ఆ నలుపు కిందికి పోతున్నాయా? పోతుంటే లోపలికి జరపండి. చూశాక ఆ లేయర్ తీసెయ్యడం మర్చిపోవద్దు.

కంట్రోల్ + సెమీకోలన్‌తో గైడ్లు దాచి ఒకసారి చూడండి. గైడ్లు ఉన్నంతసేపూ అన్నీ వరుసగా ఉన్నట్టే అనిపిస్తుంది, తీశాకే సందుల తేడా బయటపడుతుంది. గైడ్లు ప్రింట్‌లో పడతాయేమోనని కొందరు చెరిపేస్తారు, పడవు, ఉంచండి.

వ్యూని 100 శాతానికి పెట్టి ముఖాలన్నీ చూడండి. తర్వాత ఏ4 కాగితం మీద 30 శాతం సైజులో ప్రింట్ తీయండి, 10.8×3.6 అంగుళాలు వస్తుంది, ఏ4 పొడవులో పడుతుంది. దాన్ని సరిగ్గా మధ్యకి మడవండి. మడత ఎవరి మీద పడిందో స్క్రీన్ మీద ఎంత చూసినా తెలియనిది ఇక్కడ తెలిసిపోతుంది. ఈ చిన్న ప్రింట్‌లో మనిషి ముఖం గుర్తుపట్టలేనంత చిన్నదైతే ఆ పేజీలో ఫొటోలు ఎక్కువయ్యాయని అర్థం.

12. సేవ్

పీఎస్‌డీ అలాగే ఉంచి, కాపీని జేపీజీగా, క్వాలిటీ 12తో, ల్యాబ్ చెప్పిన ప్రొఫైల్‌తో సేవ్ చెయ్యండి. ఆ జేపీజీని మళ్లీ తెరిచి ఇమేజ్ సైజులో 10800×3600 ఉందా లేదా చూడండి. ఫైళ్ల పేర్లు 01, 02, 03 అని పెట్టండి. 1, 2, 10 అని పెడితే కొన్ని చోట్ల 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది, అప్పగింతలు పెళ్లిచూపుల పక్కన వస్తాయి. ల్యాబ్‌కి డ్రైవ్ లింకో పెన్‌డ్రైవో ఇవ్వండి, వాట్సాప్‌లో ఫొటోగా మాత్రం పంపొద్దు.

ఫొటోషాప్ లేకపోతే

జింప్ ఉచితం. ఇమేజ్ మెనూలో గైడ్స్, న్యూ గైడ్. అక్కడ పిక్సెళ్లలో అడుగుతుంది, పైన ఇచ్చిన అంగుళాలని 300తో గుణించుకోండి: 0.5 అంటే 150, 6 అంటే 1800, 6.25 అంటే 1875. ఫొటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పీఎస్‌డీ కూడా తెరుస్తుంది, రూలర్ నుంచి గైడ్లు లాగొచ్చు. కాన్వాలో రూలర్లు, గైడ్లు, మార్జిన్లు, ప్రింట్ బ్లీడ్ (కటింగ్‌లో పోయే అంచు) అన్నీ చూపించే సెట్టింగులు ఉన్నాయి, కానీ ఒక చిక్కుంది. అది అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కేస్తుంది, 36×12 డిజైన్‌ని మామూలుగా జేపీజీగా దింపుకుంటే 3456×1152 వస్తుంది, ఆల్బమ్‌కి చాలదు. పీడీఎఫ్ ప్రింట్ ఎంచుకుని దింపండి.

ఆల్బమ్ కాకుండా వేరే పని అయితే

గోడ ఫ్రేమ్, 12×18: ఫ్రేమ్ చెక్క చుట్టూ పావు అంగుళం దాకా కప్పేస్తుంది, మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ పెట్టే అట్ట) పెడితే ఇంకా ఎక్కువ. ఫ్రేమ్ కట్టేవాళ్లనే అడిగి, దానికి తగ్గట్టు సేఫ్ గీతని 0.75కి జరపండి. మడత గీతలు అక్కర్లేదు.

కాన్వాస్ మీద ప్రింట్ చేసి చెక్కకి చుట్టేది: పక్కలకి మడిచే భాగం ఎంతో అడిగి (ఒకటిన్నర అంగుళం దాకా ఉండొచ్చు) అంత భాగం నాలుగు వైపులా అదనంగా కలపండి. అక్కడ బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే ఉండాలి.

క్యాలెండర్: పైన వైరు గుచ్చే చోట కనీసం అర అంగుళం వదలండి, ఆ రంధ్రాలు తలలు ఎక్కడుంటే అక్కడే పడతాయి.

ఫ్లెక్సీ: ఇక్కడ రిజల్యూషన్ గురించి బెంగ వద్దు, దూరం నుంచి చూసేది, 72 చాలు. చిక్కంతా అంచులతోనే. చెక్క ఫ్రేముకి వెనక్కి మడిచి మేకులు కొడతారు, లేదా మూలల్లో రింగులు వేసి తాళ్లు కడతారు, అందుకని చుట్టూ మూడు అంగుళాలైనా సేఫ్ గీత పెట్టండి. కింద వరుసలో చిన్న గుండ్రాల్లో పెట్టే ఫొటోల కోసం గైడ్లు సమానంగా వేసుకోండి, ఒకరి గుండ్రం పక్కవాళ్ల దానికంటే చిన్నదైతే ఫోన్ వచ్చేది మీకే.